తలుపు తీయగానే వెలుగు: అరలకూ సొరుగులకూ రంగు కాగితం వేయడం ఎలా?

మా అమ్మమ్మ వంటింట్లో గోడలోనే కట్టిన మూడు గూళ్ళు ఉండేవి. వాటికి తలుపుల్లేవు. సంక్రాంతికి పది రోజుల ముందు బూజులు దులిపి, గూళ్ళకు సున్నం కొట్టించి, ఆరాక పాత న్యూస్‌పేపరు ఒకటి తీసుకుని విసనకర్రలా మడతలు పెట్టేది. ఆ మడత అంచున అర్ధచంద్రం, మధ్యలో చిన్న చిన్న డైమండ్లు కత్తిరించి విప్పేది. గూటి అంచు నుంచి లేసులా వేలాడే ఆ కాగితం మీద చింతపండుతో తోమిన ఇత్తడి డబ్బాలు వరసగా పెట్టేసరికి చీకటిగా ఉండే వంటిల్లు పండగ ఇల్లయ్యేది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో గూళ్ళు పోయి కప్‌బోర్డులు వచ్చాయి. బయట మెరిసే లామినేట్, తలుపు తీస్తే లోపల ముదురు గోధుమ రంగు ప్లైవుడ్, ఒక మూల మరక, ఏదో ముక్కవాసన. చుట్టాలెవరూ ఆ తలుపులు తీయరు కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ పప్పు డబ్బా కోసం, తువ్వాలు కోసం, మందుల పెట్టె కోసం రోజుకు ఇరవైసార్లు తీసేది మనమే కదా. ఎక్కువసార్లు చూసేది మనమే అయినప్పుడు, అందంగా ఉండాల్సింది మన కోసమే. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఒక ఆదివారం, నాలుగైదు గిఫ్ట్ పేపర్లు, ఒక కట్టర్ ఉంటే రెండు సొరుగులు, ఒక అల్మారా అర పూర్తి చేయొచ్చు.

అన్నిటికంటే ముందు ఒక మాట

కాగితాన్ని చెక్కకూ గోడకూ నేరుగా అంటించకండి. అట్టకు అంటించి, ఆ అట్టను లోపల అమర్చండి. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మిగిలిన తప్పులన్నీ సరిదిద్దుకోవచ్చు.

ఇది నాకు కాకినాడలో అద్దె ఇంట్లో ఉండగా తెలిసొచ్చింది. ఆషాఢంలో మైదా జిగురు కాచి, బట్టల అల్మారా వెనక చెక్కంతా పసుపు పూల కాగితం అంటించాను. వారం రోజులు తలుపు తీసినప్పుడల్లా చూసి మురిసిపోయాను. కార్తీకం వచ్చేసరికి కాగితం మీద నల్లటి చుక్కలు లేచాయి. అంచులు కొరికినట్టు అయ్యాయి. వేలితో ఒక మూల లేపితే వెండి రంగులో జరజరా పాకిపోయే సిల్వర్‌ఫిష్ పురుగులు. ఆ అల్మారా గోడ అవతల బాత్‌రూమ్ ఉంది, తేమ అంతా చెక్కలోకి వస్తోంది. పిండి జిగురేమో ఆ పురుగులకు విందు భోజనం. ఇల్లు ఖాళీ చేసే రోజున తడిగుడ్డ, గరిటె పట్టుకుని ఐదు గంటలు గీకాను. అయినా మచ్చలు పూర్తిగా పోలేదు, అడ్వాన్సులో కొంత కోత పడింది.

ఏ చోటు ఎంచుకోవాలి

మొదటిసారి చేసేవాళ్ళు సొరుగుతో మొదలుపెట్టండి. అడుగున పరవడమే కాబట్టి జిగురు గొడవ ఉండదు, పొరపాటు జరిగితే ఒక షీటు మాత్రమే పోతుంది. ఆ తర్వాత బట్టల అల్మారా వెనక భాగం, అద్దాల షోకేసు వెనక, ఇనప ట్రంకు పెట్టె లోపల, మెట్ల కింద అర, చెప్పుల స్టాండు లోపల. పైనుంచి చూసే కుట్టుమిషను పెట్టె, పిల్లల జామెట్రీ బాక్సుల సొరుగు కూడా ఈ పనికి బాగా నప్పుతాయి.

వద్దనుకోవాల్సిన చోట్లు: సింకు కింద, గ్యాస్ స్టవ్ పక్కనున్న అరలు, సిలిండరు పెట్టే చోటు, కరెంటు మీటరు, ఇన్వర్టరు ఉన్న గది. కొన్నిచోట్ల నీళ్ళు, కొన్నిచోట్ల నిప్పు. రెండూ కాగితానికి పడవు. దేవుడి అరలో అయితే దీపం మంట పైకి, వెనక్కి తగలదని చూసుకున్నాకే వేయండి. దీపం పైన ఉండే చెక్కకు మాత్రం ఎంత ఎత్తున్నా సరే వేయకండి.

చోటు అనుకున్నాక రెండు పరీక్షలు చేయాలి. ఒకటి తేమ. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవరు ముక్కను లోపలి గోడకు పెట్టి నాలుగు వైపులా సెల్లోటేపు గాలి చొరకుండా అంటించండి. ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు తడిచెమట పట్టి ఉంటే ఆ గోడలో తేమ ఉన్నట్టే. ముందు దాని సంగతి చూడాలి, కాగితం తర్వాత. రెండోది పురుగు. మూలల్లో మట్టి గీతలు కనిపిస్తే చెదలు. చెక్క కింద మెత్తటి పిండిలాంటి పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు. చెక్కను వేలి కణుపుతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపల తినేసిందన్నమాట. ఇలాంటి చోట కాగితం వేస్తే జబ్బు మీద దుప్పటి కప్పినట్టే. పైగా చెదలకు కాగితం కూడా తిండే.

కాగితం ఎంపిక

ఇంట్లో ఉంది కదా అని న్యూస్‌పేపరు వేయడం మనకు అలవాటు. అమ్మమ్మ కాలంలో అది తప్ప మరొకటి దొరికేది కాదు. కానీ ఆ కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం మిగిలి ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలితే దాని వల్లే పసుపుబారి పెళుసవుతుంది. ఇంకు తెల్లబట్టలకు అంటుతుంది. తినే పదార్థాలను న్యూస్‌పేపర్లో చుట్టడం, నిల్వ చేయడం కూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అప్పడాలు, వడియాలు, రొట్టెలు నేరుగా తగిలే అరల్లో అసలు వద్దు.

గిఫ్ట్ పేపరు చవక, డిజైన్లు బోలెడు. సాధారణంగా 20 × 30 అంగుళాల షీటు వస్తుంది. పల్చగా ఉంటుంది కాబట్టి అట్ట ఆసరా లేకపోతే ముడతలు పడుతుంది. మెరుపు పొడి చల్లినవి మాత్రం బట్టల అరలో వేయకండి. ఆ పొడి పట్టుచీరకు పట్టిందంటే ఎన్నిసార్లు దులిపినా పోదు.

చేతితో చేసిన కాగితం నాకు చాలా ఇష్టం. జైపూర్ పక్కన సాంగానేర్‌లో కాగ్జీ కుటుంబాలు తరతరాలుగా చేస్తున్నది, పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళు చేసేది బాగా పేరున్నవి. దర్జీ దుకాణాల్లో, బనియన్ల ఫ్యాక్టరీల్లో మిగిలిన నూలు గుడ్డ పీలికలను గుజ్జు చేసి తీస్తారు. చెక్క గుజ్జు కాదు కాబట్టి అంత తొందరగా పసుపుబారదు. నీటి మీద రంగులు తేలించి, పైన కాగితం పరిచి తీసే మార్బుల్ డిజైన్ సొరుగు అడుగున వేసి చూడండి. ఏ రెండు షీట్లూ ఒకలా ఉండవు. ఆర్ట్ మెటీరియల్ షాపుల్లో సాధారణంగా 22 × 30 అంగుళాల సైజులో దొరుకుతుంది.

వాల్‌పేపరు రోల్ పెద్ద అల్మారాలకు లాభం. మామూలు రోల్ వెడల్పు 53 సెంటీమీటర్లు, పొడవు 10 మీటర్లు. పైన వినైల్ పూత ఉంటే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. వెనక జిగురున్న పీవీసీ స్టిక్కరు షీట్లు కూడా ఉన్నాయి కానీ, వేసవి వేడికి జిగురు మెత్తబడి జారుతుంది, తీసేటప్పుడు కొన్నిసార్లు లామినేట్ పొర కూడా లేచి వస్తుంది. సొంత ఇల్లయినా నేను వాడను.

ఇంట్లోనే దొరికేది ఇంకోటుంది: పెళ్ళి శుభలేఖలు. మందంగా, పసుపు, కుంకుమ, మెంతిరంగుల్లో ఉంటాయి. పేర్లున్న భాగం తీసేసి, బొమ్మలూ అంచులూ ఉన్న భాగాలు చతురస్రాలుగా కోసి పక్కపక్కన అతికిస్తే నగల సొరుగుకు అతుకుల బొంతలాంటి అడుగు తయారవుతుంది.

రంగు పోతుందా అన్నది ముందే చూసుకోవాలి. తెల్లగుడ్డ తడిపి పిండి కాగితం మూల మీద పదిసార్లు రుద్దండి. రంగు అంటితే ఆ కాగితం బట్టల దగ్గర వద్దు. అంటకపోయినా జరీ చీరలు మాత్రం నేరుగా కాగితం మీద పెట్టకుండా పాత పంచె గుడ్డలో చుట్టే పెట్టండి.

ఇక వెలుగు విషయం. లోతైన అరలోకి వెలుతురు ముందు నుంచి మాత్రమే వస్తుంది, నేరుగా వెనక గోడకు తగులుతుంది. అందుకే అడుగుకంటే వెనక భాగానికి కాగితం వేస్తేనే తేడా బాగా తెలుస్తుంది. తెలుపు, మీగడ, లేత పసుపు నేల మీద చిన్న బుటాలున్నవి తీసుకోండి. పెద్ద పెద్ద పూలు అడుగున్నర అరలో సగం సగం తెగి గజిబిజిగా ఉంటాయి. వెనక భాగంతో పాటు పై చెక్క అడుగుభాగానికి, అంటే అర కప్పుకు, తెల్ల కాగితం వేసి చూడండి. బల్బు పెట్టకుండానే లోపలి వస్తువులు కనిపిస్తాయి.

కొలత

టేపుతో ఒకచోట కొలిచి కాగితం కోస్తే చాలాసార్లు తేడా వస్తుంది. ఏ అల్మారా కూడా సరిగ్గా మూలమట్టానికి ఉండదు. వెడల్పు ముందు ఒకచోట, మధ్యలో ఒకచోట, వెనక ఒకచోట కొలవండి. మూడూ వేర్వేరుగా వస్తే ఆశ్చర్యపోకండి. పాత క్యాలెండరు కాగితంతో నమూనా కోసి లోపల పెట్టి, పట్టిన చోట కత్తిరించి, సరిపోయిన ఆ నమూనానే అట్ట మీద పెట్టి గీసుకోవాలి. అట్ట అన్ని వైపులా ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి. సరిగ్గా సరిపోయేలా కోస్తే గాలిలో తేమకు ఉబ్బి మధ్యలో లేస్తుంది.

కొనే ముందు లెక్క వేసుకోండి. ఉదాహరణకు ఐదు అరల అల్మారా, ఒక్కో అర వెడల్పు 34 అంగుళాలు, లోతు 18, ఎత్తు 14 అనుకుందాం. 20 × 30 షీటు వెడల్పుకు చాలదు, అతుకు వస్తుంది. వాల్‌పేపరు రోల్ వెడల్పు దాదాపు 21 అంగుళాలు కాబట్టి అడ్డంగా పరిస్తే అర లోతుకు సరిపోతుంది. ఐదు అరల అడుగుభాగాలకు 170 అంగుళాలు, అంటే సుమారు 4.3 మీటర్లు. వెనక భాగాలకు మరో 4.3. మొత్తం 8.6 మీటర్లు. ఒక్క రోల్ చాలు, కొంత మిగులుతుంది కూడా. అయితే రోల్‌ను అడ్డంగా తిప్పుతున్నాం కాబట్టి నిలువుగా పెరిగే తీగలు, నిలబడిన నెమళ్ళు ఉన్న డిజైన్ తీసుకుంటే అవి పడుకుని కనిపిస్తాయి. ఎటు తిప్పినా ఒకేలా ఉండే డిజైన్ అయితే ఈ చిక్కు ఉండదు.

సొరుగు: జిగురు లేకుండా

సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించి తట్టండి. మూలల్లో ఇరుక్కున్న దుమ్ముకు పాత టూత్‌బ్రష్ వాడండి. గుడ్డను తడిపి గట్టిగా పిండి తుడిచాక, ఎండ నేరుగా తగలని గాలిలో ఒక పూట ఆరబెట్టండి. మేకు మొనలు లేచి ఉంటే కొట్టేయండి.

తర్వాత పాత క్యాలెండరు అట్ట గానీ, చీరల పెట్టె అట్ట గానీ నమూనా ప్రకారం కోయండి. కాగితం మాత్రం అట్టకంటే నాలుగు వైపులా అంగుళం పెద్దది కోయాలి. కాగితాన్ని బోర్లా పరిచి, మీద అట్ట పెట్టి, పుస్తకాలకు అట్ట వేసినట్టే మూలలు ఏటవాలుగా కోసి, అంచులు వెనక్కి మడిచి టేపు వేయండి. అయితే కాగితం మూలను అట్ట అంచు దాకా కోసేయకూడదు, అట్ట మందం అంత వదలాలి. లేకపోతే మడిచాక మూల దగ్గర అట్ట తెల్లగా బయటపడుతుంది. ఇలా చేసిన పలకను సొరుగులో దించితే కదలదు, జరగదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తేయొచ్చు. స్కూలు పుస్తకాలకు అట్టలు వేసిన చేతులకు ఇది నేర్పక్కర్లేదు.

వెనక పలక: జిగురుతో

అర వెనకకు పెట్టే పలక నిలువుగా నిలబడాలి కాబట్టి అట్ట గట్టిగా ఉండాలి. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు వాడే మందపాటి అట్ట స్టేషనరీ హోల్‌సేల్ షాపుల్లో దొరుకుతుంది. కోస్తాలోనూ, తేమ ఉన్న ఇళ్ళలోనూ దానికంటే ప్లాస్టిక్ ఫోముతో చేసిన సన్‌బోర్డు మేలు. ఫ్లెక్సీలు వేసే షాపులో అడిగితే 3 మిల్లీమీటర్లదీ, 5 మిల్లీమీటర్లదీ కోసి ఇస్తారు. అది నీళ్ళు పీల్చదు, చెదలకు పనికిరాదు. సన్‌బోర్డుకు కాగితాన్ని డబుల్ సైడ్ టేపుతో అంటిస్తే తడి పనే ఉండదు. మొదటిసారి అయితే అదే చేయండి.

మామూలు అట్ట అయితే జిగురు కావాలి. మైదా జిగురు చవకే కాదు, కాగితం మీద చేయి జరిపి సరిచేసుకునే వ్యవధి ఇస్తుంది. మూడు పెద్ద చెంచాల మైదాను ముందు కొద్దిగా చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలపండి. గ్లాసుడు నీళ్ళు, అంటే 200 మిల్లీలీటర్లు, మరగనిచ్చి సన్నమంట మీద ఆ పిండి పోస్తూ తిప్పుతూనే ఉండాలి. మొదట పాలలా తెల్లగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలకు గంజిలా చిక్కబడి, తెల్లదనం తగ్గి, నిగనిగలాడుతుంది. గరిటె ఎత్తితే తీగలా సాగి పడాలి. దించి పల్చటి గుడ్డలో వడకట్టి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి జిగురు పల్చటి కాగితాన్ని చింపేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి.

వంటింటి అరలకు మాత్రం మైదా వద్దు, బొద్దింకలు వస్తాయి. మూడు వంతుల ఫెవికాల్‌లో ఒక వంతు నీళ్ళు కలిపి వాడండి. గోడ పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో, తిండి వస్తువులున్న చోట దాన్ని దగ్గరికి రానీయకండి.

ఇప్పుడు కాగితానికి పోగు ఎటుందో చూడాలి. మిషను కాగితాన్ని ఒకవైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకర టింకరగా చిరుగుతుంది. తిన్నగా చిరిగే దిశ పోగు. తడి తగిలితే కాగితం పోగుకు అడ్డంగా సాగుతుంది. కాబట్టి పోగు పలక పొడవు వెంట ఉండేలా కోస్తే సాగుదల తక్కువ, ముడతలూ తక్కువ. చేతి కాగితానికి ఈ బాధ దాదాపు లేదు, మందం మాత్రం ఎక్కువ కాబట్టి జిగురు రాశాక రెండు మూడు నిమిషాలు నాననివ్వాలి. నానకుండా అంటిస్తే అట్ట మీదే సాగి బుడగలు లేస్తాయి.

జిగురు కాగితం వెనక మధ్య నుంచి అంచులకు రాయండి. పలక మీద ఒక అంచు ముందు ఆనించి, మెత్తటి నూలు గుడ్డ ఉండతో మధ్య నుంచి బయటికి నిమురుతూ రండి. గోరు తగలనీయకండి, తడి కాగితం మీద గీత పడితే ఆరాక కూడా కనిపిస్తుంది. బుడగ మిగిలితే సన్న సూదితో గుచ్చి గుడ్డతో అదమండి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మర్నాడు పలక విల్లులా వంగి ఉంటుంది. ఆరే కాగితం బిగుసుకుని అట్టను తనవైపు లాక్కుంటుంది. అందుకే అట్ట వెనకవైపు కూడా అదే జిగురుతో, అదే పోగు దిశలో, అంతే మందమున్న తెల్ల కాగితం వేయాలి. రెండువైపులా లాగుడు సమానమై పలక తిన్నగా ఉంటుంది. బైండింగు చేసేవాళ్ళు అట్టకు లోపలా కాగితం అంటించేది కొంత ఇందుకే. తర్వాత రెండు పాలిథిన్ షీట్ల మధ్య పెట్టి పావుగంట, తీసి పొడి న్యూస్‌పేపర్ల మధ్య మార్చి, మీద చెక్క పలక వేసి, దాని మీద 25 కిలోల బియ్యం బస్తా ఎక్కించండి. పూర్తిగా ఒక రోజు. మధ్యలో ఒకసారి తడిసిన పేపర్లు మార్చండి. అంచులు సరిచేయడం ఆరాకే, కొత్త బ్లేడుతో, స్టీలు స్కేలు పెట్టి. తడిగా ఉండగా కోస్తే పీచులు లేస్తాయి.

పలకను అరలో నిలబెట్టడానికి రెండు మూలల్లో చిన్న డబుల్ సైడ్ టేపు ముక్కలు చాలు. ఇనప బీరువా అయితే అదీ అక్కర్లేదు, నాలుగు గట్టి మాగ్నెట్లు పెట్టండి. పలకకూ వెనక చెక్కకూ మధ్య కాస్త గాలి ఆడితే బూజు పట్టదు.

అంచు లేసు

తలుపుల్లేని అరలకూ, షోకేసులకూ అమ్మమ్మ లేసు ఇప్పటికీ చాలా బాగుంటుంది. నాలుగు అంగుళాల వెడల్పున్న కాగితం పట్టీ తీసుకుని, రెండంగుళాల మడతలు ముందుకొకటి వెనక్కొకటి పెట్టండి. ఎనిమిది మడతలకంటే ఎక్కువ ఒకేసారి కోయకండి, అడుగు పొరలు జరిగి అర్ధచంద్రాలు వంకరపోతాయి. కింది అంచు వైపు చిన్న గాజును సగం ఆనించి గీస్తే గుండ్రం సరిగ్గా వస్తుంది. డైమండ్ కావాలంటే మడత మీద చిన్న త్రిభుజం తీయాలి. విప్పాక బోర్లా పరిచి, పైన గుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీ చేస్తే మడత గీతలు పోతాయి. పై రెండంగుళాలు అర మీద, డబ్బాల కింద ఉండిపోతాయి. కింది రెండంగుళాలు వేలాడతాయి.

తర్వాత చూసుకోవాల్సినవి

వంటింటి పలక మీద పుస్తకాలకు వేసే ట్రాన్స్‌పరెంట్ షీటు ఒకటి పరవండి. నూనె డబ్బా కింద చిన్న పళ్ళెం పెట్టండి. నూనె చుక్క కాగితంలోకి ఒక్కసారి దిగితే తిరిగి రాదు. బట్టల అరలో ఎండిన వేపాకు, లవంగాలు చిన్న గుడ్డ మూటల్లో కట్టి పెట్టండి, కాగితం మీద నేరుగా పోస్తే మరక పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లల బట్టల దగ్గర మాత్రం వద్దే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు వాటి వల్ల రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు, ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్ళల్లో ముందే తెలియదు.

వానాకాలంలో నెలకోసారి పలక మూల లేపి వెనక చూడండి. వాసన మారినా, చుక్కలు కనిపించినా తీసి ఎండలో పెట్టండి. కాగితం పాడైతే అట్ట ఉంచుకుని కాగితం మార్చండి.

అమర్చేముందు ప్రతి పలక వెనకా పెన్సిలుతో కొలత, తేదీ, ఏ అరదో రాయండి. మళ్ళీ కొలవక్కర్లేదు. నా కుట్టు సామాను సొరుగు పలక వెనక మూడు వరసలున్నాయి, మూడూ సంక్రాంతి ముందు వేసినవే. అన్నిటికంటే పై వరస అమ్మమ్మ రాసింది: పదిహేనుంబావు, పంతొమ్మిదిన్నర, కింద సూదులు, జాగ్రత్త.